సాగనంపే మాట

హాస్టల్,
పై అంతస్తు, మూలగది.

అక్కకి,
నీ పిచ్చుక నమస్కరించి, ఊపిరి తీసుకోకుండా రాసేది.

క్షేమంగా చేరాను. గదిలో నాతోపాటు ఒక పొడుగమ్మాయి ఉంది. మంచం చాలక కాళ్ళు గాల్లో పెట్టుకుని పడుకుంటుంది. నేను వాగుతుంటే తలకి దిండు చుట్టుకుంటుంది పాపం. నీ అంత అదృష్టం అందరికీ ఉంటుందా? నువ్వు కళ్ళు మూసుకుంటే చాలు, నా గోల ఆగిపోతుంది.

చదువు సంగతి చెప్పాలి. చైనా భాషలో అక్షరాలు వేలకొద్దీ ఉన్నాయి. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నదానికి ఒక వరస. వరస తప్పితే, అక్షరం ఎంత అందంగా వచ్చినా టీచరమ్మ ఒప్పుకోదు. ఇంకో తమాషా ఏమిటంటే, గొంతు పైకి పోతే ఒక మాట, కిందికి దిగితే ఇంకో మాట. పెదవులు మాత్రం రెండింటికీ ఒక్కలాగే కదులుతాయి. అంటే ఈ భాషలో నిన్ను నీ ముందే తిట్టుకోవచ్చు, నీకు అంతు చిక్కదు! అందుకే చేరానని బావతో అనకు, నిజమనుకుంటాడు.

పాత గ్రంథాలు చెప్పే మాస్టారు పెద్దాయన. పెళ్ళి చేసుకోలేదు, తల్లితోనే ఉండేవారట. ఆవిడ ఈమధ్యే పోయింది. పాఠం చెబుతూ చెబుతూ ఆగి, కిటికీలోంచి ఎవరో పిలిచినట్టు చూస్తారు.

ఇప్పుడు ఆ దేశపు పాత ఆచారాల గురించి చదువుతున్నాం. పోయిన పెద్దవాళ్ళకి భోజనం పెట్టాలంటే ఖాళీ పీట ముందు పెట్టేవారు కాదట. మనవల తరం వాళ్ళని పోయినవాళ్ళ బట్టలతో ఆ స్థానంలో కూర్చోబెట్టేవారట. పోయింది ఆడమనిషైతే వేరే ఇంటిపేరు అమ్మాయే కూర్చోవాలి. పెట్టింది తినాలి, నోరు విప్పకూడదు. కన్నకొడుకు వచ్చి వంగి నమస్కరిస్తాడు. గేటు బయట ఆ పిల్ల మామూలు పిల్లే. గేటు లోపల మాత్రం ఆ పెద్దావిడే. అంతా అయ్యాక ‘సేవ పూర్తయింది’ అని గొంతెత్తి అందరికీ వినపడేలా చెప్పి, గేటు దాకా సాగనంపాలి. అప్పుడు పెద్దావిడ తన దారిన తను, పిల్ల తన దారిన తను వెళ్తారు.

“చదివితే సగమే తెలుస్తుంది. మా ఇంట్లో ఆదివారం చేసి చూద్దాం” అన్నారు మాస్టారు. ఎవరు కూర్చోవాలి అనగానే క్లాసంతా నా వైపు వేలు చూపించింది. “ఇది ఒక పూట నోరు మూసుకుంటే ఆ ఆచారంలో మహిమ ఉందని ఒప్పుకుంటాం సార్!” అని ఒకటే నవ్వు. ఆయనా నవ్వారు. ఆయన నవ్వడం మేం అదే మొదలు చూడటం.

ఇట్లు,
నీ పిచ్చుక.

తా.క. నా నీలం స్వెట్టర్ నువ్వే దాచావు.
తా.క. దాచలేదంటే సంచి అడుగున వెతుకుతాను, ఆగు.
తా.క. దొరికింది. క్షమించు.


కళ్ళద్దాల దుకాణం,
మేడ మీద ఇల్లు.

పిచ్చుకకి,
అక్క దీవించి రాసేది.

నువ్వు లేని ఇల్లు ఎలా ఉంటుందో అనుకున్నాను. నాకేం తేడా లేదు గానీ మీ బావకే పిచ్చెక్కుతోంది. “ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా?” అంటాడు. నాకైతే ఎప్పుడూ ఇంతే కదా నాయనా అన్నాను. బాగుచేయడానికి తెచ్చిన రేడియోలన్నీ ఒకేసారి మోగించి కూర్చుంటున్నాడు.

జ్వరం నా చెవులు తీసుకుపోయినప్పుడు నీకు సరిగ్గా మాటలే రాలేదు. నేను పలకడం లేదని ఏడ్చి, ఏడ్చి, చివరికి నా చెయ్యి లాక్కుని నీ గొంతు మీద పెట్టుకుని వాగడం మొదలుపెట్టావు. ఆ గలగల వేళ్ళకి తగిలేది. నేను పెదవులు చదవడం తర్వాత నేర్చుకున్నాను, ముందు నేర్చుకున్నది నీ గొంతే.

దుకాణంలో రోజంతా జనం మొహాలు చూస్తూ అద్దాలు బిగిస్తుంటాను. ఎవరు నిజంగా నవ్వుతున్నారో, ఎవరు మర్యాదకి నవ్వుతున్నారో తెలిసిపోతుంది. మీ మాస్టారి నవ్వు ఏ రకమో చూసి రాయి. పోయినవాళ్ళ బట్టలు కట్టుకోవడం మాత్రం నాకు రుచించలేదు. ఉతికినవేనా?

నీ అక్క.


హాస్టల్,
మూలగది.

అక్కకి,
పిచ్చుక నమస్కరించి రాసేది.

ఆదివారం అయిపోయింది. ఏదో నాటకంలా ఉంటుందనుకున్నాను. మాస్టారి ఇల్లు వీధి చివర, చిన్న ఇనుప గేటు, ముందుగదిలో కిటికీ పక్కన ఎత్తు వీపున్న కుర్చీ. అది ఆవిడ కుర్చీయే. బూడిదరంగు శాలువా కప్పి నన్ను అందులో కూర్చోబెట్టారు. ఉతికిందే, కంగారుపడకు. అన్నం, ఉడికించిన కూరగాయలు, చిన్న గిన్నెలో ద్రాక్షరసం పెట్టారు.

మొదట నవ్వాగలేదు. పొడుగమ్మాయి గుమ్మానికి తల కొట్టుకుంది, బుగ్గలు కొరుక్కుని కూర్చున్నాను. తర్వాత మాస్టారు లోపలికొచ్చారు. ముందుకొచ్చి వంగి, నా కాళ్ళకేసి చూస్తూ, “అన్నం మెత్తగానే వండానమ్మా” అన్నారు. అది మాకు చెప్పిన పాఠంలో లేదు. అప్పటినుంచీ నవ్వు రాలేదు. మాట్లాడాలనీ అనిపించలేదు. నోట్లో మాటలన్నీ ఎవరో సర్ది మూలన పెట్టినట్టు హాయిగా ఉంది. కిటికీ గడియ బిగుసుకుంటుందని, కాస్త పైకెత్తి తిప్పాలని తోచింది. వెళ్ళేటప్పుడు అలాగే తిప్పితే వచ్చేసింది. మాస్టారు చూసి, చేతిలో గిన్నె కింద పెట్టేశారు.

చివరి మాట చెప్పే పని ఆచారం ప్రకారం వేరే మనిషిదట. కానీ మాస్టారు అది తనే చెబుతానని ముందే అన్నారు. తీరా సమయం వచ్చేసరికి నోరు తెరిచి, మూసి, “వాన వచ్చేలా ఉంది, మీరంతా బయల్దేరండి” అన్నారు. వాన రాలేదు. మేం పెరటి దారిన వచ్చేశాం. వచ్చే ఆదివారం మళ్ళీ చేద్దామన్నారు, సరిగ్గా చేయలేదు కాబట్టి.

దారంతా పొడుగమ్మాయి నన్ను ఆటపట్టించింది. “మూగనోము పట్టావా?” అంది. నేను తలాడించి నడిచాను.

నీ పిచ్చుక.

తా.క. ఆయన నవ్వు ఏ రకమో అడిగావు. ఇంటికొచ్చినవాళ్ళని చూసి నవ్వే రకం.


దుకాణం మేడ మీద.

పిచ్చుకకి దీవించి,

నీ ఉత్తరంలో తా.క. ఒక్కటే ఉంది. మీ బావకి చూపిస్తే, “చదువు ఎక్కువైంది, వాగుడు తగ్గింది, మంచిదేగా” అన్నాడు. నాకు మంచిగా లేదు. ఏ కూర ఎలా ఉందో, ఎవరు ఎక్కువ తిన్నారో రాయకుండా నువ్వు ఉత్తరం ముగించడం నేనెరగను.

ఆ ఆట ఇంక చాలు. పరీక్షలున్నాయని చెప్పి మానెయ్యి. మొహమాటపడకు.

నీ అక్క.


హాస్టల్.

అక్కకి,

చాలా రోజులైంది రాసి. చెయ్యి నొప్పిగా ఉంటోంది. మబ్బు పడితే ఎడమ మోకాలు పీకుతుంది. మధ్యాహ్నం కాగానే కునుకు పడుతోంది.

ఆదివారాలు మానలేదు. మధ్యలో కూడా వెళ్తున్నాను. కుర్చీలో కూర్చుంటే మోకాలికి హాయి. పాఠం కోసమే అని మాస్టారు అంటారు గానీ ఇప్పుడు పుస్తకం తెరవడం లేదు. ఎదురుగా కూర్చుని, రోజంతా ఏం జరిగిందో చెబుతారు. నేను వింటాను. మిగతా పిల్లలు వంటింట్లో టీ తాగి వెళ్ళిపోతారు.

ఒక సంగతి నిన్ను భయపెట్టాలని రాయడం లేదు. పరీక్షలో కాగితం ఇచ్చారు. చైనా అక్షరాలు ఒక్కటీ తెలియలేదు. మర్చిపోవడం కాదక్కా, ఎప్పుడూ నేర్చుకోనట్టే ఉంది. కోడి కెలికిన నేలలా కనిపించింది కాగితం. నేను క్లాసులో మొదటి వరస పిల్లని కదా. టీచరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి, “ఒంట్లో బాగాలేదా అమ్మా?” అంది. అప్పుడు మాత్రం చాలా భయమేసింది. కుర్చీలో కూర్చున్నాక పోయింది.

అబ్బాయికి దగ్గు తగ్గలేదు. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకోమంటే వినడు.


దుకాణం మేడ మీద.

పిచ్చుకా,

ఎవరే ఆ అబ్బాయి? ఎవరి మోకాలే అది? నువ్వు మెట్లు రెండేసి చొప్పున దూకే పిల్లవి. ఈ ఉత్తరం మూడుసార్లు చదివాను. అద్దం బిగిస్తూ పగలగొట్టాను.

దుంప తెగ, ఆయన్ని అబ్బాయి అంటున్నావని నీకు తెలుస్తోందా? వాళ్ళమ్మకి చైనా అక్షరం ఒక్కటైనా వచ్చా? రాదేమో అడుగు. రాకపోతే నీ పరీక్షకి ఏమైందో నాకు అర్థమైనట్టే.

నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. చివర గొంతెత్తి చెప్పి, గేటు దాకా సాగనంపితేనే ఎవరి దారిన వాళ్ళు వెళ్తారని నువ్వే రాశావు. నిన్ను ఒక్కసారైనా సాగనంపారా? ఒక్కసారైనా ఆ మాట చెప్పారా? వాన వంక పెట్టి పెరటి దారిన పంపడం కాదు. ఇది మూఢనమ్మకమని నువ్వే నన్ను వెక్కిరించు, సంతోషిస్తాను. వెక్కిరించి నాలుగు తా.క.లు రాయి. లేదా నేనే బయల్దేరి వస్తాను.

అక్క.


ఇల్లు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి
ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. నీ ఉత్తరము అందినది. నీవు ఊరకే బెంగపెట్టుకొనుచున్నావు. ఇక్కడ లోటేమియు లేదు. అబ్బాయి వేళకు భోజనము పెట్టుచున్నాడు. వాడు జీవితమంతయు చదివిన ఆ గీతలు నాకు ఒక్కటియు తెలియవు. తెలియకపోయిననేమి, వాడు చెప్పుచుండగా వినుటయే నాకు చాలును.

చిన్నపిల్ల చాలా మంచిది. అల్లరి లేదు.

ప్రయాణము పెట్టుకొనవద్దు. మీ ఆయనను అడిగితినని చెప్పవలెను.


దుకాణం మేడ మీద.

నా పిచ్చుకకి,
అక్క దీవించి, ముద్దుపెట్టి రాసేది.

నిన్న రాత్రికి క్షేమంగా చేరాను. నీకు ఎంత గుర్తుందో తెలియదు కాబట్టి అంతా రాస్తున్నాను. అది నువ్వు మాట్లాడే మాట కాదని, ‘ఆశీర్వదించి’ అన్న చోటే నాకు తెలిసిపోయింది. మీ బావ వస్తానన్నాడు, నేనే ఒద్దన్నాను. ఆయనొస్తే ముందు కేకలు వేస్తాడు, తర్వాత ఆలోచిస్తాడు.

గేటు దగ్గర మీ మాస్టారు ఎదురొచ్చారు. ఆయన చెడ్డమనిషిలా లేరు, అదే నాకు ఇంకా భయం. మెడకి ఉన్ని గుడ్డ. “నాకు వినపడదండీ, ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి తెలుసుకుంటాను” అని చెప్పాను. ఆయన తలాడించి, చాలా మర్యాదగా, నిదానంగా మాట్లాడారు.

ముందుగదిలో నువ్వు. శాలువా, ఒళ్ళో చేతులు. నా వైపు చూసి కొత్తవాళ్ళని చూసినట్టు తల పంకించావు. నేను పక్కన మోడా మీద కూర్చున్నాను. ఆయన గిన్నెలు సర్దుతున్నారు. అప్పుడు నీ పెదవులు కదిలాయి.

నా పక్కనే నిలబడ్డ మీ పొడుగమ్మాయిని తట్టి, “ఏమంటోందో విన్నావా?” అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, “ఎవరండీ? ఎవరూ మాట్లాడ్డం లేదు. తనసలు ఇక్కడ మాట్లాడదు” అంది.

నువ్వు మాట్లాడుతూనే ఉన్నావే. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నావు. ‘అక్కా, వచ్చావా, ఇందాకణ్ణుంచి పిలుస్తున్నాను, రోజూ పిలుస్తున్నాను, వీళ్ళెవరికీ వినపడ్డం లేదు, ఈ కుర్చీ వీపు గుచ్చుకుంటోంది, బావ రేడియోలు కట్టేశాడా, నువ్వు చిక్కిపోయావు, నన్ను సాగనంపమను అక్కా, ఆ మాట చెప్పమను.’ మొహంలో కళ్ళు ఆవిడవి, కదలకుండా కిటికీ వైపు చూస్తున్నాయి. పెదవులు మాత్రం నీవి.  ఏడుపు వచ్చింది. ఇంట్లో అందరికీ వినపడేది నాకు వినపడదని ఇన్నేళ్ళు బాధపడ్డాను. ఎవరికీ వినపడనిది నాకు కనపడుతుందని నిన్ననే తెలిసింది.

ఆయన్ని వరండాలోకి పిలిచాను.

“మా చెల్లెల్ని సాగనంపండి.”

“ఇంకొక్క వారం ఆగండమ్మా. ఆవిడ ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది.”

“కుదుటపడాల్సింది ఆవిడ కాదు, మీరు. మీకు అమ్మ ఎంతో నాకు అది అంతే. నేను చేత్తో పెంచాను దాన్ని.”

ఆయన మెడకున్న గుడ్డ సర్దుకున్నారు. “ఆ మాట అనేస్తే ఇంట్లో ఎవరూ ఉండరు” అన్నారు. పాపమనిపించింది, అయినా వదల్లేదు. “నాకేం తెలియదు, నా పిల్ల నాకు కావాలి” అని గేటు దగ్గర నిలబడ్డాను.

పొడుగమ్మాయీ మిగతావాళ్ళూ లోపల గిన్నెలు కడుగుతున్నారు. ఆయన నీ చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, గేటు దాకా తెచ్చారు. వంగి నమస్కరించారు. తర్వాత సరిగ్గా నా మొహానికి ఎదురుగా తిరిగి, ఒక్కో అక్షరం విడదీసి, ‘సేవ పూర్తయింది, వెళ్ళిరా అమ్మా’ అన్నారు. నా రెండు కళ్ళతో చూశాను. ఆయన బుగ్గల మీద నీళ్ళు. నువ్వు ఆయన్ని చూసి చిన్నగా నవ్వి, గేటు దాటి నా చెయ్యి పట్టుకున్నావు.

శాలువా తీసి ఇచ్చేశాను. నీతో హాస్టల్ దాకా నడిచాను. దారిలో నీ పెదవులు ఒక్కసారీ కదల్లేదు. అలసిపోయావనుకున్నాను. నా బండికి వేళైంది, నీకేమో మళ్ళీ పరీక్ష పెడతామన్నారు, పొడుగమ్మాయి చూసుకుంటానంది. నవ్వుతూనే ఉన్నావు కదా అని వదిలి వచ్చాను.

బండిలో కూర్చున్నాక ఆ నవ్వు ఏ రకమా అని ఆలోచించాను. వెంటనే రాయి. తిడుతూ రాయి.

నీ అక్క.


కిటికీ పక్క కుర్చీ.

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది.

నిన్ను మోసము చేయుట నాకు ఇష్టము లేదు. నీవు నాకు నచ్చితివి.

ఆ దినము గేటు వద్ద వాడు పెదవులు కదిపినాడు, అంతే. గొంతు రాలేదు. రానీయలేదు. నీకు వినపడదని నీవే చెప్పితివి కదా. నేను వాని ప్రక్కనే నిలిచి ఎదురుచూచితిని. ఇప్పటికైనను అనునేమో, నా దారిన నేను పోదునేమో అనుకొంటిని. వాడు అనలేదు. చిన్నతనమున కూడ పండ్లు తోము పుల్ల నోట పెట్టుకొని, తోమితినని తల ఊపెడివాడు. అది తలంపునకు వచ్చి నవ్వితిని. నీవు ఆ నవ్వు చూచి మురిసి, హాస్టలు వద్ద విడిచి పోతివి; నేను మరల ఈ కుర్చీకే వచ్చితిని. నాకు చాల కష్టము తోచినది.

వానిపై నాకు కోపము లేదు. కొడుకు మీద కోపమెట్లు వచ్చును? కాని, అమ్మాయీ, నేను అలసినాను. మెత్తని అన్నము ఎన్నాళ్ళు తినుట? వాని కబుర్లు ఎన్నాళ్ళు వినుట? నాకు నోరు విప్పు వీలు లేదు గనుక వానిని మందలించుటకును లేదు. పిలిచినవాడు అనిన గాని నేను కదలలేను.

పిల్ల నీరసించినది. మొదట నాతో ఎడతెగక మాటలాడెడిది. ఇప్పుడు అప్పుడప్పుడు మాత్రమే. ఇంకను ఆలస్యమైన మా యిద్దరికిని దారి తప్పును. నీవు వెంటనే రావలెను.

క్రింద కొంచెము చోటు విడిచితిని. చేయి పిల్లకు ఇచ్చుచున్నాను.

తా.క. అక్కా, నేనే.
తా.క. చెయ్యి ఎక్కువసేపు ఇవ్వదు, తొందరగా చెబుతాను. బావని కూడా తీసుకురా, కేకలు వేసినా పర్లేదు, నాకు కేకలు వినాలనుంది.
తా.క. ఈసారి ఆయన పెదవులు చూడకు. మెడకున్న గుడ్డ తీయించి, గొంతు మీద చెయ్యి పెట్టి అప్పుడు చెప్పించు.
తా.క. తర్వాత నా గొంతు మీద పెట్టు. మాట్లాడుతుంటాను.